ముక్కు పోయాక నేను ఎంచిన మాచా

గుంటూరులో ఒక మిరపపొడి మిల్లులో సరుకు నాణ్యత చూసే ఉద్యోగం నాది. చివరి కొన్నేళ్ళు ఆ ఉద్యోగాన్ని వాసన తెలియకుండానే చేశాను. ఆ సంగతి మా యజమానికి చెప్పలేదు, కొనేవాళ్ళకి చెప్పలేదు, నా మాట నమ్మి బ్రాడీపేటలో టీ షాపు పెట్టుకున్న ఝాన్సీ అనే అమ్మాయికి కూడా చెప్పలేదు. ఆ షాపు మూతపడింది. తప్పు ఆమెదేనని జనం అనుకున్నారు. చివరికి ఆమె కూడా అలాగే అనుకుంది. అలా అనుకోనిచ్చినవాణ్ణి నేను.

యాభై మూడేళ్ళకే పని మానుకున్నాను. ఒంట్లో బాగాలేదని చెప్పి మానుకున్నాను. అందులో నిజం కొంతే. ఇప్పుడు మసాలాలు, టీ పొడులు ఎంచే పనిలోకి కుర్రవాళ్ళు, అమ్మాయిలు చాలామంది వస్తున్నారు. కొందరు ఫోన్ చేసి, "బాబాయ్, మొదటిసారి తాగేవాళ్ళకి ఏ మాచా ఇవ్వాలి?" అని ఆ జపాన్ టీపొడి గురించి అడుగుతుంటారు. అది చెప్పడం కష్టం కాదు, ఇందులో చెప్తాను కూడా. కానీ అదొక్కటే చెప్పి ఊరుకుంటే ఇన్నాళ్ళూ చేసిన పనే మళ్ళీ చేసినట్టవుతుంది.

మస్తాన్ గారి జలుబు

మాది అద్దంకి దగ్గర పల్లె. డిగ్రీ మధ్యలో వదిలేసి గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో చేరాను. అక్కడ సరుకు చూసే పెద్దాయన మస్తాన్ గారు. బస్తాలోకి చెయ్యి పెట్టి అడుగు నుంచి గుప్పెడు కాయలు తీసేవాడు. ఒకటి విరిచేవాడు, గింజలు రాలే తీరు చూసేవాడు, ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. వానకి తడిసి మళ్ళీ ఆరిన కాయని కన్ను పట్టుకోలేదు. ఆయన ముక్కు పట్టుకునేది. రైతు ఎంత వాదించినా, కొనేవాడు ఎంత గింజుకున్నా ఆయన మాట మీదే బేరం తెగేది.

సీజన్ మంచి ఊపులో ఉండగా ఒక రోజు పెద్ద కొనుగోలుదారు వచ్చాడు. మస్తాన్ గారు కొట్టు బయట స్టూలు మీద శాలువా కప్పుకుని కూర్చున్నాడు. కొట్టు యజమాని మా సేటు గారు బయటికొచ్చి, "ఏమయ్యా, సరుకు చూడవా?" అన్నాడు.

"జలుబండీ. ముక్కు పనిచేయట్లా."

"ముక్కు లేకపోతే కళ్ళున్నాయిగా. ఇన్నేళ్ళ అనుభవం, నీకు చూడకుండానే తెలుస్తుంది."

"చూడకుండా చెప్పేది సోదమ్మండీ. నేను సరుకు చూసేవాణ్ణి."

కొనేవాడు పక్క కొట్టుకి వెళ్ళిపోయాడు. సేటు గారు ఆ పూటంతా ఆయన్ని తిడుతూనే ఉన్నాడు. ఆయన ముక్కు తుడుచుకుంటూ తిట్లన్నీ విన్నాడు. సాయంత్రం టీ తాగేటప్పుడు నేనే అడిగాను, "ఊరికే ఏదో ఒకటి చెప్పొచ్చుగా మామా, అంత బేరం పోయింది" అని.

"జలుబు తగ్గాక రేపు వీళ్ళే మళ్ళీ నన్ను నమ్మాలి గదరా," అన్నాడు.

అప్పుడాయన నాకు మొండివాడిలా కనిపించాడు. ఈ వృత్తిలో నేను చూసిన వాళ్ళందరిలోకీ సరైనవాడు ఆయనొక్కడే. ఆయన దగ్గర కాయ విరవడం నేర్చుకున్నాను. ఆ స్టూలు మీద కూర్చోవడం మాత్రం నేర్చుకోలేదు.

చిలకపచ్చ రంగు

కొన్నాళ్ళకి శేషగిరిరావు గారి మిరపపొడి మిల్లులో చేరాను. మనిషి చెడ్డవాడు కాదు. జీతం ఆపడు, పండక్కి కూలీలకి బట్టలు పెడతాడు. అయితే జవాబు వల్ల నష్టం వస్తుందనుకుంటే ఆ ప్రశ్న అడగడు. యజమానుల్లో ఇలాంటివాళ్ళే ఎక్కువ. మనం చెప్పకపోతే వాళ్ళు అడగరు, తర్వాత ఎవరు నిలదీసినా మాకు తెలియదంటారు, అది నిజమే అవుతుంది.

ఆయన మనవరాలు హైదరాబాదులో ఏదో హోటల్లో మాచా తాగుతుంటే చూసి, ఆ వ్యాపారం మనమూ చేద్దామన్నాడు. జపాన్ నుంచి డ్రమ్ముల్లో పొడి తెప్పించి చిన్న చిన్న డబ్బాల్లో నింపి అమ్మడం. మిరపపొడి ప్యాకింగుకి దూరంగా వేరే గది కట్టించాడు. మంచి పొడి ఎంచే పని నాకు అప్పగించాడు.

మాచా అంటే నీడలో పెంచిన లేత తేయాకు. ఈనెలు తీసేసి, ఆకుని రాతి తిరగలిలో మైదాకన్నా మెత్తగా విసురుతారు. మామూలు టీలా వడకట్టి పిప్పి పారేసేది కాదు. పొడిని వేడినీళ్ళలో వెదురు కవ్వంతో చిలికి ఆకుతో సహా తాగేస్తారు. పాలు, చక్కెర లేకుండా ఉత్త నీళ్ళలో తాగినా బాగుండే రకాన్ని సెరిమోనియల్ అంటారు. ఆ మాటకి కొలత లేదు, పరీక్ష లేదు. ఎవరైనా డబ్బా మీద వేసుకోవచ్చు. అందుకే ఎంచేవాడి మీద బరువు పడుతుంది.

మొదటి నమూనాలు వచ్చిన రోజు మిల్లులో అందరం బల్ల చుట్టూ చేరాం. మిరపపొడి వాళ్ళం కదా, మాకు రంగుంటే సరుకు, రంగు లేకపోతే తాలు. అందరి వేళ్ళూ ఒకే పళ్ళెం వైపు చూపించాయి.

"ఇదేనయ్యా. చిలకలా ఉంది," అన్నారు శేషగిరిరావు గారు.

నేను చిటికెడు తీసి వాసన చూశాను. మంచి మాచాకి కోసిన పచ్చగడ్డిలాంటి వాసన, వెనక సన్నటి తీపి ఉంటాయి. ఇది పాత ఎండుగడ్డిలా ఉంది, అడుగున రంగుడబ్బా వాసన తగిలింది. తెల్లగుడ్డ తడిపి దాని మీద వేశాను. కాసేపటికి పొడి చుట్టూ పచ్చటి మరక పాకింది. పాత పొడికి రంగు కలిపారు. అమ్మినవాడికి ఫోన్లో నాలుగు చివాట్లు పెట్టి, మా యజమాని నా వైపు తిరిగి నవ్వారు.

"నీ ముక్కుకి ఇన్సూరెన్స్ చేయించాలయ్యా."

ఆ రోజు నుంచి మిల్లులో నాకు గౌరవం పెరిగింది. ఆ గౌరవం అంతా ముక్కు మీదే కట్టిన ఇల్లని నాకు తెలుసు.

మొదటిసారి తాగేవాళ్ళకి

మీరు అడిగేది ఇదే కాబట్టి చెప్పేస్తాను.

అన్నిటికన్నా ఖరీదైనది ఇవ్వకండి. మొదటిసారి తాగేవాడు దాన్ని నీళ్ళు మరిగించి పోసి పాడుచేసుకుంటాడు. అన్నిటికన్నా చవకది అసలే ఇవ్వకండి. అది చేదుగా ఉంటుంది, వాడు మాచా అంటేనే చేదనుకుని మళ్ళీ ముట్టుకోడు. చేదు తక్కువగా, తీపి కొంచెం ముందుగా తగిలేది చూడండి. రంగు నిండుగా పచ్చగా ఉండాలి. పసుపు తిరిగితే పాతదని అర్థం. అలాగని రంగొక్కటే చూసి మోసపోకండి. తెల్లకాగితం మీద వేలితో రాస్తే గరుకు తగలకుండా గీతలా సాగాలి. ఎప్పుడు కోసిన ఆకు, ఎప్పుడు విసిరిన పొడి అని అడగండి. అమ్మేవాడు తడుముకుంటే పక్కన పెట్టేయండి. పెద్ద డబ్బా కొనిపించకండి. మూత తీసిన దగ్గర్నుంచీ పొడి చచ్చిపోవడం మొదలవుతుంది. నీళ్ళు మరిగాక కాసేపు ఆగి, కాక తగ్గాక పోయమనండి. ముందు జల్లించమనండి, లేకపోతే ఉండలు కడుతుంది.

ఇవన్నీ కళ్ళతో, వేళ్ళతో, ప్రశ్నలతో చేసేవే. ముక్కు లేనివాడు కూడా ఇక్కడిదాకా రాగలడు. నేను వచ్చాను. మాచా పొడి తన పక్కనున్న ప్రతి వాసననీ స్పంజిలా పీల్చేస్తుంది. అలా పీల్చిందో లేదో చెప్పేది మాత్రం ముక్కొక్కటే.

పాలు మాడిన రోజు

అందరికీ వచ్చినట్టే నాకూ కరోనా వచ్చింది. జ్వరం తగ్గింది, ఓపిక వచ్చింది. ఒక రోజు వంటింట్లో పేపర్ చదువుకుంటున్నాను. నా భార్య పద్మ పెరట్లోంచి పరిగెత్తుకొచ్చి స్టవ్ కట్టేసింది.

"పాలు మాడి వీధంతా కంపు కొడుతుంటే పక్కనే కూర్చుని చదువుకుంటున్నారేంటండీ?"

గిన్నె చూశాను. నల్లగా ఉంది. నాకేమీ తెలియలేదు. ఆ రోజు వంటింట్లో ఉన్నవన్నీ ఒక్కొక్కటే మూత తీసి చూశాను. కాఫీపొడి, ఇంగువ, నెయ్యి, సాంబ్రాణి. అన్నీ ఒక్కటే. గాలి. డాక్టరు గారు నెలలు పట్టొచ్చు, కొందరికి రాకపోవచ్చు అన్నారు. నాకు రాలేదు.

ఇక్కడొక సంగతి ఉంది. మిల్లులోకి వెళ్తే మిరప ఘాటుకి నాకు తుమ్ములొచ్చేవి, కళ్ళలో నీళ్ళు తిరిగేవి. తుమ్ముతున్నాడు కాబట్టి ముక్కు బాగానే ఉందని అందరూ అనుకున్నారు. నేను కూడా కొన్నాళ్ళు అలా ఆశపడ్డాను. ఘాటు మండటం వేరు, వాసన వేరు. మంట నాకు మిగిలింది, వాసన పోయింది.

దాచడం అనుకున్నంత కష్టం కాలేదు. కొత్త డ్రమ్ము తెరిచినప్పుడు ప్యాకింగు అమ్మాయిల్ని పిలిచి, మాస్టారు పాఠం అడిగినట్టు, "ఏదీ, ఎలా ఉందో చెప్పండి చూద్దాం" అనేవాణ్ణి. వాళ్ళు ఒకరినొకరు చూసుకుని, సిగ్గుపడుతూ ఏదో చెప్పేవాళ్ళు. "పర్లేదే, నేర్చుకుంటున్నారు" అని తలూపి, వాళ్ళ జవాబే నా జవాబుగా యజమానికి చెప్పేవాణ్ణి. నాలుకకి చేదూ తీపీ తెలిసేవి. మిగతాది మొహాలు చూసి చదివేవాణ్ణి.

"చెప్పేయండి, ఇంకేదన్నా పని ఇస్తారు," అంది పద్మ.

"ఏం పని ఇస్తారు? గేటు దగ్గర కూర్చోబెడతారు," అన్నాను.

గేటు దగ్గర కూర్చునేవాడికన్నా నేను గొప్పేమీ కాదు. వాడు కనీసం కళ్ళు తెరిచే కూర్చునేవాడు.

ఝాన్సీ

ఝాన్సీది చీరాల. నేతపని చేసే కుటుంబం. బ్రాడీపేటలో ఒక కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పేది. అది మానేసి అక్కడే ఒక అడ్డరోడ్డులో, మేడమీద చిన్న గది తీసుకుని టీ షాపు పెట్టింది. మాచా ఎవరికీ తెలియని చోట, మొదటిసారి తాగేవాళ్ళకే అమ్ముదామని ఆమె ఆలోచన. నన్ను వెతుక్కుంటూ మిల్లుకి వచ్చింది.

"బాబాయ్ గారూ, నాకేమీ తెలియదు. మీరు ఏది ఇస్తే అదే పెడతాను. కానీ ఎందుకు ఇచ్చారో చెప్పాలి."

మూడు నమూనాలు చిలికి ముందు పెట్టాను. ఒక్కోటి చప్పరించి కళ్ళు మూసుకుంది.

"ఇది పచ్చిబఠానీ నమిలినట్టుంది. ఇది ఉడికిన పాలకూర. ఇదేమో... గడ్డిలో పడుకున్న గేదెదూడ ఒళ్ళు ఎలా ఉంటుంది, అలా ఉందండి. నవ్వకండి."

నేను నవ్వలేదు. నాలుకా ముక్కూ అంత కలిసి పనిచేసే మనిషిని మస్తాన్ గారి తర్వాత నేను చూడలేదు. ఆ మాటలన్నీ గుర్తుపెట్టుకుని బెంగళూరు కొనుగోలుదారులకి నా మాటలుగా చెప్పాను. ఆమెకేమో "పర్లేదు, ఇంకా నేర్చుకోవాలి" అన్నాను.

షాపు నిలబడింది. కోచింగ్ అమ్మాయిలు సాయంత్రాలు మెట్ల మీద కూర్చుని తాగేవాళ్ళు. "అక్కా, ఇది తాగితే ఫిజిక్స్ వస్తుందా?" అంటే, "రాదు, నిద్ర పోతుంది. ఆ తర్వాత నీ ఇష్టం" అనేది. పొద్దుపోయాక అడిగితే పోసేది కాదు. ఊరికే అమ్మే మనిషి కాదు. ప్రతి కప్పూ ఇచ్చి ఎదుటివాళ్ళ మొహం చూసేది. ఉన్నదంతా ఆ గదిలోనే పెట్టింది. వాళ్ళమ్మకి ఇష్టం లేకపోయినా పెట్టింది.

గోతం వాసన

ఎండాకాలం మొదట్లో మా మిల్లులో మాచా డ్రమ్ములు పెట్టే చల్లగది మోటారు పాడైంది. బాగుచేసేవాడు ఇవాళ రేపు అంటున్నాడు.

"డ్రమ్ములు మన మిర్చి కోల్డ్ స్టోరేజీలో పెట్టించేయండి. చల్లగా ఉంటే చాలుగా," అన్నారు శేషగిరిరావు గారు. అని నా వైపు చూశారు. నేను ఊఁ అంటే జరుగుతుంది, వద్దంటే ఆగుతుంది.

వాసన తెలిసిన రోజుల్లో అయితే ఆ మాట నోట్లోంచి రాకముందే అడ్డుపడేవాణ్ణి. ఆ కోల్డ్ స్టోరేజీలో అంతస్తుల మీద అంతస్తులు మిరపకాయలు తొక్కి నింపిన టిక్కీలు, గోతాలు. సగం వాడిన డ్రమ్ములు రెండున్నాయి, లోపలి కవరు మూతికి రబ్బరు బ్యాండు చుట్టి ఉంది, అంతే. నాకు లోపల ఏ వాసనా లేదు కాబట్టి అక్కడ ఏ ప్రమాదమూ కనిపించలేదు. తలూపాను. మిగతావాళ్ళెవరికీ అనుమానం రాలేదు. మిరప వాసనలో పుట్టి పెరిగినవాళ్ళం మేము. బయటివాడు మిల్లు గేటు దగ్గరే ముక్కు మూసుకుంటాడు, మాకు అక్కడొక వాసన ఉందని కూడా గుర్తుండదు. ప్యాకింగు అమ్మాయిలు కూడా ఆ వాసన చీరల్లో కట్టుకుని వచ్చేవాళ్ళే. "ఎలా ఉంది చెప్పండి" అని అడిగితే, "బాగుందండి" అన్నారు.

ఆ పొడి నింపిన డబ్బాలు షాపుకి చేరిన మర్నాడే ఝాన్సీ ఫోన్ చేసింది.

"బాబాయ్ గారూ, ఈసారి పొడిలో ఏదో తేడాగా ఉందండి. గోతం వాసన."

"గోతమేంటమ్మా?"

"మిరపకాయల లారీ పక్కనుంచి వెళ్తే వస్తుందే, అలా. కారం లేదు, వాసనే."

కారం లేదనగానే నాకు ధైర్యం వచ్చింది. "ఇది మొదటి కోత ఆకమ్మా. రుచికి లోతు ఎక్కువ. మొదట్లో అలాగే అనిపిస్తుంది. అలవాటవుతుంది."

"అంతేనంటారా?"

"నువ్వింకా నేర్చుకుంటున్నావు గదా."

"సరే బాబాయ్ గారూ" అని పెట్టేసింది.

కొత్తవాళ్ళకి అమ్మే వ్యాపారంలో అన్నిటికన్నా నీచమైన మాట ఇదే. సరుకులో లోపం ఉంటే దాన్ని వాళ్ళ నాలుక మీదకి నెట్టేయొచ్చు. వాళ్ళకి ఎదురు చెప్పే బలం ఉండదు, ఎందుకంటే మంచిది ఎలా ఉంటుందో తెలియక మన దగ్గరికి వచ్చినవాళ్ళు. ఝాన్సీకి తెలుసు. తెలిసినదాన్ని తెలియదని నేను నమ్మించాను.

ఆ వారంలోనే ఒక పెద్ద బట్టల షోరూమ్ వాళ్ళు తమ షాపులో టీ కార్నర్ పెడతామని, అది ఆమే నడపాలని పిలిచారు. ముందు వాళ్ళ ఇంటివాళ్ళకి, కొందరు ఆడవాళ్ళకి రుచి చూపించాలి. ఆమె ఆ డబ్బాతోనే చిలికింది. తర్వాత విన్నాను, మొదటి కప్పు తాగిన పెద్దావిడ మూతి ముడిచి, "ఏంటమ్మాయ్ ఇది, మిరప బస్తా కడిగిన నీళ్ళు పోశావా?" అందట. పక్కావిడ, "గుంటూరు గదండీ, టీకి కూడా పోపెట్టినట్టున్నారు" అందట. అందరూ నవ్వారు. ఎవరో ఫోన్లో తీశారు. రెండ్రోజుల్లో అది ఊరంతా తిరిగింది. మెట్ల మీద కూర్చునే అమ్మాయిలే అడిగారట, "అక్కా, ఇన్నాళ్ళూ మాక్కూడా ఇదే పోశావా?" అని.

ఆఫీసు గదిలో

ఝాన్సీ ఆ డబ్బా పట్టుకుని మిల్లుకి వచ్చింది. ఆఫీసు గదిలో శేషగిరిరావు గారు, నేను ఉన్నాం. ఏడవలేదు, అరవలేదు. మూత తీసి నా ముందు పెట్టింది.

"చూసి చెప్పండి బాబాయ్ గారూ."

తీసుకున్నాను. ముక్కు దగ్గర పెట్టుకున్నాను. కళ్ళు మూసుకుని నెమ్మదిగా గాలి పీల్చాను. మస్తాన్ గారు పట్టినట్టే పట్టాను, ఆయన ఆగినట్టే ఆగాను.

"పొడి బాగానే ఉంది."

"ఇంకొకసారి చూడండి."

ఇంకోసారి పీల్చాను. "నిల్వ చేయడంలో ఏదో జరిగిందమ్మా. మీ షాపులోనే. వంటగది పక్కన పెట్టావేమో."

"మా షాపులో వంటే లేదు."

శేషగిరిరావు గారు మెత్తగా అన్నారు, "చూడమ్మా, ఈయన ముక్కు మీద నడుస్తోంది మా వ్యాపారం. ఈయన బాగుందంటే బాగున్నట్టే."

ఆమె మా ఇద్దర్నీ చూసింది. తర్వాత డబ్బాలోకి చూసుకుంది, తనే ఒకసారి వాసన చూసింది. ఆ మొహంలో అనుమానం అటు నుంచి ఇటు తిరగడం నేను చూశాను. మా మీద నుంచి ఆమె మీదకి. మూత పెట్టి వెళ్ళిపోయింది.

అంతవరకు నేను తెలియక చెప్పానని సర్దిచెప్పుకోవచ్చు. ఆ సాయంత్రం అదీ మిగల్లేదు. అదే డ్రమ్ములోంచి చెంచాడు పొడి పొట్లం కట్టుకుని ఇంటికి తెచ్చి పద్మ ముందు పెట్టాను.

"కారప్పొడి గరిటె దీన్లో పెట్టారా?" అంది వెంటనే.

మర్నాడు ఆ డ్రమ్ములు తేమ పట్టాయని చెప్పి పారబోయించాను. ఝాన్సీకి ఫోన్ చేయలేదు. ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే షోరూమ్ వాళ్ళు ఇంకో అవకాశం ఇచ్చేవాళ్ళేమో. కనీసం ఆమె తన నాలుకని నమ్ముకుని ఇంకో చోట మొదలుపెట్టేది. వానాకాలానికి షాపు షట్టరు మీద టులెట్ బోర్డు పడింది. నేను స్కూటర్ మీద ఆ అడ్డరోడ్డు తప్పించి తిరిగేవాణ్ణి.

నా మాట నాకే

ఆ తర్వాత కొన్నాళ్ళకి పని మానుకున్నాను. నా స్థానంలో ఒక అమ్మాయి చేరింది. చదువుకున్న పిల్ల, పనిమంతురాలు. ఒక రోజు ఫోన్ చేసింది.

"సార్, ఒక కస్టమరు వాసన తేడాగా ఉందంటున్నాడు. ఏం చెప్పమంటారు?"

నేను నోరు తెరిచేలోపు ఆమే అంది, "ఆఫీసులో వీళ్ళు, అలవాటవుతుందని చెప్పెయ్యి, సారు అలాగే చెప్పేవాళ్ళు అంటున్నారు. అంతేనా సార్?"

"కాదు," అన్నాను. "ముందు ఆ డబ్బా తెప్పించి నువ్వు వాసన చూడు. నీ మీద నీకు అనుమానం ఉంటే మిరప పని చేయనివాళ్ళ చేత చూపించు. అతను చెప్పిందే నిజమేమో అనుకుని చూడు."

ఫోన్ పెట్టేశాక శేషగిరిరావు గారి ఇంటికి వెళ్ళాను. అంతా చెప్పాను.

"ఇప్పుడెందుకయ్యా ఇవన్నీ? అయిపోయిందిగా," అన్నారు.

"ఆ అమ్మాయికి అయిపోలేదండి."

"నా పేరు ఎత్తకు, అంతే." ఇంకేమీ అడగలేదు. ఆయన దగ్గర అంతకన్నా ఎక్కువ ఆశించి నేను వెళ్ళలేదు.

చీరాలలో

ఝాన్సీ వాళ్ళ ఇల్లు వెతుక్కుని వెళ్ళాను. ముందుగదిలో వాళ్ళమ్మ గుంటమగ్గం మీద కూర్చుని నేస్తోంది. నన్ను చూసి తలెత్తింది కానీ చెయ్యి ఆపలేదు. ఝాన్సీ లోపలి నుంచి వచ్చింది. బక్కచిక్కింది. పిల్లలకి ట్యూషన్లు చెప్తోందట.

లోపలి గదిలోకి తీసుకెళ్ళి, "కూర్చోండి," అంది. బాబాయ్ అనలేదు.

ఏం మొదలుపెట్టాలో తెలియక, "ఎలా ఉన్నావమ్మా?" అన్నాను.

వాళ్ళమ్మే జవాబిచ్చింది, మగ్గం మీద నుంచి. "ఎట్టుంటది? కూరలో ఉప్పు సరిపోయిందా లేదా అని ఇప్పటికీ నన్నే అడుగుద్ది. చెంచా పట్టుకుని నా వెనకాలే తిరుగుద్ది. తినేదానికీ తాగేదానికీ తేడా తెలియని దానివి షాపెందుకు పెట్టావే అంటే మాట్లాడదు."

"అమ్మా, ఊరుకో," అంది ఝాన్సీ.

చెప్పాను. కరోనా దగ్గర్నుంచి మొదలుపెట్టి, పాలు మాడటం, డ్రమ్ములు కోల్డ్ స్టోరేజీలో పెట్టడం, ఆఫీసు గదిలో నటించడం, పద్మ అన్న మాట, డ్రమ్ములు పారబోయడం. తలెత్తకుండా, చిన్న గొంతుతో చెప్పాను.

"మిమ్మల్ని ఎట్లా నమ్మాలి?" అంది ఝాన్సీ. "ఆ రోజు కూడా ఇంత నమ్మకంగానే చెప్పారు. ఇప్పుడు పాపం తగులుతుందని ఎవరో అంటే భయపడి, నన్ను ఓదార్చడానికి ఇది కల్పించి ఉండొచ్చు."

ఆమె లేచి లోపలికి వెళ్ళి మూతపెట్టిన స్టీలు గ్లాసు తెచ్చింది.

"కళ్ళు మూసుకోండి. ఏంటో చెప్పండి."

కళ్ళు మూసుకున్నాను. మూత తీసిన చప్పుడైంది, ముక్కు కింద గ్లాసు అంచు తగిలింది. గాలి పీల్చాను. ఈసారి నటించలేదు.

"నీళ్ళు. లేకపోతే చల్లారిన టీ."

"కళ్ళు తెరవండి."

గ్లాసులో ఎండు రొయ్యలు నానుతున్నాయి.

"మధ్యాహ్నం కూరకి నానబెట్టాను," అంది. "మీరు గుమ్మంలోకి వచ్చినప్పటి నుంచీ ఇల్లంతా ఇదే వాసన. వీధిలో పిల్లలు కూడా చెప్తారు."

గ్లాసు కింద పెట్టింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది. "అయితే నాకు వచ్చిన వాసన నిజమే."

"నిజమే."

"మొదటి రోజు ఫోన్లో చెప్పిందీ నిజమే."

"నిజమేనమ్మా. నువ్వు చెప్పింది చెప్పినట్టే ఉంది పొడి."

ఆమె కళ్ళు తుడుచుకోలేదు. నా వైపు కాకుండా మగ్గం వైపు చూస్తూ అంది, "నాకు కాదు. గట్టిగా చెప్పండి. అమ్మకి వినపడాలి."

నేను లేచి ముందుగదిలోకి వెళ్ళాను. మగ్గం చప్పుడు ఆగింది. ఆవిడ దారం నాడె చేతిలో పట్టుకుని నా మొహంలోకి చూసింది. ఝాన్సీ గుమ్మం దగ్గర నిలబడింది. నేను గొంతు పెంచాను.

"అమ్మా," అన్నాను, "మీ అమ్మాయి నాలుకలో ఏ లోపమూ లేదు. పొడి చెడిపోయింది. అది ఆమె కనిపెట్టింది, నాతో చెప్పింది. వాసన తెలియనివాణ్ణి నేను. తెలిసినట్టు నటించి ఆమెదే తప్పని మా యజమాని ముందు అన్నాను. ఆ సాయంత్రమే నిజం తెలిసింది, అయినా చెప్పలేదు. ఆమె షాపు పోవడానికి కారణం నేను. నన్ను క్షమించండి. ఝాన్సీ, నువ్వు కూడా క్షమించమ్మా."